ఎయిరోటర్ గొంతు మారిందా? కార్ట్రిడ్జ్ మార్చేముందు ఇవి చూడండి

"మా ఎయిరోటర్ ఈమధ్య బాగా రొద పెడుతోంది, కార్ట్రిడ్జ్ మార్చేయాలా?" "శబ్దం బాగానే వస్తోంది, కానీ పంటికి ఆనించగానే బర్ ఆగిపోతోంది, ఏం చేయాలి?" క్లినిక్ నడిపే డాక్టర్లూ, వాళ్ళ దగ్గర పనిచేసే అసిస్టెంట్లూ తిప్పి తిప్పి అడిగేవి ఈ రెండే. ఎయిరోటర్ అంటే పళ్ళ డాక్టర్లు పన్ను కోయడానికి వాడే, గాలితో తిరిగే డ్రిల్లు; చేత్తో పట్టుకునే ఆ పరికరాన్నే హ్యాండ్‌పీస్ అంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అంతా వరుసగా ఒకచోట రాస్తున్నాను.

కార్ట్రిడ్జ్‌ను, అంటే తల లోపల తిరిగే చక్రం, బేరింగులు కలిసిన భాగాన్ని, ఆఖర్న అనుమానించండి. బర్ (పన్ను కోసే మొన), నూనె, గాలి ఒత్తిడి, గాస్కెట్ (గొట్టం కలిసేచోట గాలి కారకుండా ఆపే రబ్బరు) చూశాకే దాని జోలికి వెళ్ళండి. ఇది డబ్బు మిగుల్చుకోవడానికి మాత్రమే చెప్పడం లేదు. ఒత్తిడి ఎక్కువైనందువల్లో, గాలి లైన్లో నీళ్ళు చేరినందువల్లో బేరింగులు పోయి ఉంటే, అది సరిచేయకుండా వేసిన కొత్త కార్ట్రిడ్జ్ కూడా అదే దారి పడుతుంది.

ఇంకో సంగతి. శబ్దం ఎంత పెద్దగా ఉందని కాదు, ఎలా మారిందని వినాలి. చిన్న తల ఉన్న హ్యాండ్‌పీస్ సన్నగా కీచుమంటుంది, పెద్ద తలది కాస్త బొంగురుగా ఉంటుంది. రెండూ బాగున్నట్టే. నిన్నటిదాకా ఒకేలా పలికిన హ్యాండ్‌పీస్ ఇవాళ వేరేలా పలికితేనే అనుమానించాలి.

ముందు కాస్త లెక్క

ఎయిరోటర్ తలలో రెండు బుల్లి బాల్ బేరింగుల మధ్య ఒక టర్బైన్ చక్రం ఉంటుంది. గాలి దాని రెక్కలను కొట్టి తిప్పుతుంది. 1957లో జాన్ బోర్డెన్ ఎయిరోటర్ వచ్చినప్పుడే వేగం నిమిషానికి 3 లక్షల చుట్లకు చేరింది. ఇప్పటివి ఉత్తినే తిరుగుతున్నప్పుడు 3 నుంచి 4.5 లక్షల చుట్లు తిరుగుతాయి. పన్ను కోస్తున్నప్పుడు అది సగం దాకా పడిపోవచ్చు. వేగం అంత ఉన్నా బలం తక్కువ, పదీ ఇరవై వాట్లే. గట్టిగా నొక్కితే ఆగిపోవడం దాని స్వభావం, లోపం కాదు.

నిమిషానికి 3,60,000 చుట్లంటే సెకనుకు 6,000. మనకు వినిపించే సన్నని కీచు స్వరం ముఖ్యంగా అదే, 6,000 హెర్ట్జ్. పన్ను కోసేటప్పుడు వేగం తగ్గి స్వరం 3,000–4,000 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. మన చెవి అన్నిటికన్నా సున్నితంగా ఉండేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. పేషెంట్ కుర్చీలో బిగుసుకుపోవడంలో వింతేమీ లేదు. ఈ లెక్క గుర్తుంచుకోండి, 5వ మెట్టులో ఫోన్‌తోనే వేగం కొలవబోతున్నాం.

కావలసినవి

- మీ మోడల్ మాన్యువల్. కింద నేనిచ్చిన అంకెలకూ దానికీ తేడా వస్తే మాన్యువల్‌దే పైచేయి.
- ఇంతవరకూ వాడని ఎఫ్‌జీ (ఫ్రిక్షన్ గ్రిప్) బర్ ఒకటి (షాంక్, అంటే తలలోకి దూరే కాడ, 1.6 మి.మీ. ఉండేది)
- హ్యాండ్‌పీస్ నూనె స్ప్రే, మీ కప్లింగ్‌కు (హ్యాండ్‌పీస్‌ను గొట్టానికి కలిపే భాగం) సరిపోయే నాజిల్
- తెల్ల టిష్యూ పేపర్లు
- హ్యాండ్‌పీస్‌కూ గొట్టానికీ మధ్య బిగించే ప్రెషర్ గేజ్
- ఫోన్‌లో ఏదైనా స్పెక్ట్రమ్ ఎనలైజర్ యాప్
- మిల్లీలీటర్ల గీతలున్న గ్లాసు
- గ్రాముల్లో చూపే చిన్న డిజిటల్ తూకం, ప్రాక్టీసుకు వాడే ప్లాస్టిక్ పన్ను
- కళ్ళద్దాలు, మాస్కు, గ్లోవ్స్

అన్నిటికన్నా ఎక్కువమంది దగ్గర లేనిది ప్రెషర్ గేజ్. ఈ జాబితాలో ఒక్కటే కొనగలిగితే అదే కొనండి.

హెచ్చరిక: ఈ పరీక్షలన్నీ స్టెరిలైజ్ చేసిన హ్యాండ్‌పీస్‌తో, పేషెంట్ నోటి బయట చేయాలి. శబ్దం వినడానికి తిరిగే తలను చెవి దగ్గర పెట్టుకోకండి. చక్ (బర్‌ను పట్టి ఉంచే భాగం) వదులైతే బర్ ఎగిరి వస్తుంది.

1. బర్ మార్చి వినండి

అర నిమిషం పని. దీంతోనే మొదలుపెట్టండి. ఉన్న బర్ తీసేసి కొత్తది పూర్తిగా లోపలికి దిగేలా పెట్టండి. తల వెనక బటన్ వదిలాక వేళ్ళతో పట్టి గట్టిగా లాగి చూడండి. కదలకూడదు. ఇప్పుడు ఫుట్ కంట్రోల్ నొక్కి వినండి. గరగర పోయి శబ్దం సాఫీగా వస్తే దోషం పాత బర్‌ది.

కళ్ళతో కూడా చూడొచ్చు. తిరుగుతున్న బర్‌ను ముదురు రంగు గుడ్డ ముందు పెట్టి పక్క నుంచి చూడండి. నిటారుగా తిరిగే బర్ అంచు పదునైన గీతలా కనిపిస్తుంది. వంగినదైతే కొస దగ్గర లావుగా, రెండు అంచులు ఒకదానిపై ఒకటి పడ్డట్టు మసగ్గా కనిపిస్తుంది. కొత్త బర్ పెట్టినా మసక పోకపోతే చక్ గానీ బేరింగ్ గానీ అరిగిందన్నమాట. అది రాసుకుని ముందుకెళ్ళండి.

బర్ పెట్టె మీద గరిష్ఠ వేగం రాసి ఉంటుంది, చూడండి. తల పెద్దగానో షాంక్ పొడవుగానో ఉన్న బర్‌లకు అది తక్కువ. వాటిని పూర్తి వేగంలో తిప్పితే రొద రావడం అటుంచి, షాంక్ వంగిపోవచ్చు, విరగవచ్చు కూడా.

2. చేత్తో తిప్పి చూడండి

గాలి ఆపేసి, బర్‌ను వేలికొసతో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. నున్నగా తిరగాలి. మధ్యలో ఇసుక పడ్డట్టు గరుకుగా తగిలినా, ఒకచోట పట్టుకుని వదిలినట్టు అనిపించినా బేరింగ్‌లో మురికి చేరి ఉండాలి, లేదా బంతులను పట్టి ఉంచే పంజరం అరిగి ఉండాలి. తర్వాత బర్ కొసను అటూ ఇటూ కదిలించండి. ఏ కాస్తో ఊగితే కంగారు లేదు, టకటకమని తగులుతూ ఊగితే అరుగుదలే.

గరుకు ఉన్నంత మాత్రాన కార్ట్రిడ్జ్ పోయిందని తేల్చకండి. ఎండిపోయిన నూనె జిగురు కూడా ఇలాగే తగులుతుంది. తర్వాతి మెట్టుతో అది తేలిపోతుంది.

3. నూనె వేసి టిష్యూ చదవండి

ముందు మీది నూనె అక్కర్లేని రకమా అని మాన్యువల్‌లో చూసుకోండి. సిరామిక్ బేరింగులున్న కొన్ని మోడళ్ళకు నూనె వేయనే కూడదు. నూనె వేసే రకమైతే ఇలా చేయండి.

నూనె వెళ్ళాల్సింది డ్రైవ్ ఎయిర్, అంటే టర్బైన్‌ను తిప్పే గాలి, గొట్టంలోకి. నాలుగు రంధ్రాల హ్యాండ్‌పీస్‌లో రెండు పెద్దవి, రెండు చిన్నవి ఉంటాయి. పెద్ద రెండిట్లో అన్నిటికన్నా పెద్దది గాలి బయటికి పోయే దారి. దాని పక్కన కాస్త చిన్నదే మనకు కావలసింది. రెండు రంధ్రాల రకంలో పెద్దది గాలికి, చిన్నది నీటికి. క్విక్ కప్లింగ్ ఉంటే ఆ కంపెనీ నాజిల్‌తోనే వేయాలి. వేరేది పెడితే నూనె సగం పక్కలకే కారిపోతుంది.

తలకు టిష్యూ చుట్టి, డబ్బా నిటారుగా పట్టుకుని రెండు మూడు సెకన్లు స్ప్రే చేయండి. తలలోంచి వచ్చే నూనె టిష్యూ మీద పడుతుంది. దాన్ని వెలుతురులో పెట్టి చూడండి. తేటగా ఉంటే సంతోషం. గోధుమ రంగులో ఉంటే మరోసారి స్ప్రే చేయండి. తేటబడేదాకా అలా రెండు మూడుసార్లు చేయవచ్చు. నల్లటి నలుసులు, లోహపు మెరుపు మళ్ళీ మళ్ళీ వస్తుంటే బేరింగ్ అరిగి రాలుతోందని అర్థం. ఎర్రటి తుప్పు మరక కనిపిస్తే లైన్లో నీళ్ళున్నాయి, 4వ మెట్టు చివర చెప్పినది చూడండి.

తర్వాత బర్ పెట్టి, తల కిందికి వంచి 20–30 సెకన్లు నడపండి. మిగులు నూనె పోవాలి. చాలా చోట్ల ఈ అర నిమిషమే ఎగ్గొడతారు. లోపల మిగిలిన నూనె ఆటోక్లేవ్ (ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం) వేడికి జిగురుగా మారి బేరింగ్‌ను పట్టేస్తుంది. పైగా మర్నాడు ఫిల్లింగ్ చేసేటప్పుడు నూనె తుంపర పంటిమీద పడితే ఫిల్లింగ్‌ను పట్టి ఉంచే బాండింగ్ సరిగా అంటదు.

చక్‌లోకి కూడా, అంటే బర్ దూరే రంధ్రం వైపు నుంచి, మాన్యువల్ చెప్పినన్ని రోజులకోసారి నూనె వేయాలి. బర్ జారిపోతోందని వచ్చే ఫిర్యాదుల్లో చక్ మురికి పాత్ర ఎక్కువే.

4. ఒత్తిడి కొలవండి, తిరుగుతుండగానే

గేజ్‌ను గొట్టానికీ హ్యాండ్‌పీస్‌కూ మధ్య బిగించి, బర్ పెట్టి, పెడల్ పూర్తిగా నొక్కి, తిరుగుతున్నప్పుడే అంకె చూడండి. ఆగి ఉన్నప్పుడు చూసిన అంకె ఎందుకూ పనికిరాదు. కంప్రెసర్ ట్యాంకు మీది గేజ్‌ను చూసి "మా దగ్గర 6 బార్ ఉందండీ" అనేవాళ్ళు ఎందరో. ఆ గాలి గోడలు దాటి, ఫిల్టర్ దాటి, కుర్చీలోని రెగ్యులేటర్ దాటి వచ్చేసరికి హ్యాండ్‌పీస్‌కు అందేది వేరు.

చాలా మోడళ్ళకు కావలసింది 30 నుంచి 40 పీఎస్ఐ, అంటే సుమారు 2.1 నుంచి 2.8 బార్. తక్కువైతే స్వరం మందగిస్తుంది, పంటికి ఆనగానే ఆగిపోతుంది. ఎక్కువైతే కీచు పెరుగుతుంది, మొదట్లో బాగా కోస్తున్నట్టే ఉంటుంది. ఆ ముచ్చట ఎన్నాళ్ళో ఉండదు, బేరింగులు త్వరగా అరిగిపోతాయి. కోత తగ్గిందని ఒత్తిడి పెంచడం నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. అసలు రోగం దాక్కుంటుంది, కొత్త రోగం మొదలవుతుంది.

క్లినిక్‌లో రెండు మూడు కుర్చీలుంటే అన్నీ ఒకేసారి నడుపుతూ మళ్ళీ కొలవండి. ఒక్కటే నడిచినప్పుడు 36 చూపిన గేజ్ రెండోది మొదలవగానే 27కు పడితే మీ హ్యాండ్‌పీస్‌లో ఏ దోషమూ లేదు. కంప్రెసర్ సామర్థ్యం చాలడం లేదు, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది.

నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చూసేయండి. హ్యాండ్‌పీస్ తీసేసి, నీటి స్ప్రే ఆపి, గొట్టం కొసను పొడి టిష్యూ వైపు పెట్టి గాలి మాత్రం వదలండి. కొద్ది సెకన్లకు టిష్యూ మీద చెమ్మ మరకలు పడితే కంప్రెసర్ ట్యాంకులోని నీళ్ళు తీసేయండి, డ్రయ్యర్, ఫిల్టర్ చూపించండి. ట్యాంకు నీళ్ళు తీయడం రోజూ క్లినిక్ మూసేటప్పుడు చేసే పనుల్లో చేర్చండి.

5. ఫోన్‌తో వేగం కొలవండి

స్పెక్ట్రమ్ ఎనలైజర్ తెరిచి స్కేలు 0 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా పెట్టుకోండి. సక్షన్ (నోట్లోని నీళ్ళు పీల్చేది), ఏసీ ఆపేయండి. ఫోన్ హ్యాండ్‌పీస్ తలకు 30 సెం.మీ. దూరంలో ఉండాలి. పెడల్ పూర్తిగా నొక్కి, తెర మీద 4,000–8,000 మధ్య సూదిలా నిలబడే శిఖరం కోసం చూడండి. దాని అంకెను 60తో హెచ్చిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో తెలుస్తుంది. 5,200 అయితే 3,12,000. 6,500 అయితే 3,90,000.

సరైన శిఖరాన్నే పట్టుకున్నామా? పెడల్ మీద కాలు కాస్త వదులు చేయండి. మీ శిఖరమైతే దాంతోపాటు ఎడమకు జరుగుతుంది. జరగకుండా నిలబడేవి గదిలోని ఇతర యంత్రాలవి. అంకె 12,000 వస్తే అంటే 7 లక్షలు దాటితే, అది అసలు స్వరం కాదు, దాని రెట్టింపు. సగం దగ్గర వెతకండి, ఇంకో శిఖరం కనిపిస్తుంది.

వచ్చిన వేగాన్ని మాన్యువల్‌లోని వేగంతో పోల్చండి. కొంచెం తేడా ఉండటం మామూలే. ఒత్తిడి సరిగ్గా ఉండీ వేగం బాగా తక్కువగా ఉంటే లోపల ఏదో పట్టుకుంటోంది. శిఖరం ఒకచోట నిలవకుండా వణుకుతున్నా, దాని చుట్టూ గడ్డిమోపులా చిన్న శిఖరాలు లేచినా బేరింగ్ అరుగుదల అనుకోవచ్చు. తెర స్క్రీన్‌షాట్ తీసి దాచండి. కొత్త హ్యాండ్‌పీస్ కొన్న రోజునే ఇలా ఒకటి తీసి పెట్టుకుంటే తర్వాత పోల్చడానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు.

యాప్ చూపే డెసిబెల్ అంకెను మాత్రం నమ్ముకోకండి. ఒక్కో ఫోన్ మైకు ఒక్కో రకం. అదే ఫోను, అదే దూరం, అదే గది అయితే నెల కిందటికీ ఇప్పటికీ పోల్చుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

6. ఈల వస్తే గాస్కెట్

ఎయిరోటర్ అసలు స్వరం తల నుంచి వస్తుంది. బుస్సుమనే శబ్దమో, ఈలో వెనక నుంచి, అంటే గొట్టం కలిసేచోటు నుంచి వస్తుంటే గాలి కారుతోంది. కప్లింగ్ విప్పి గాస్కెట్, ఓ-రింగులు చూడండి. చదునుగా నలిగినా, చీలినా, గట్టిపడినా మార్చండి. విప్పినప్పుడు కప్లింగ్‌లో గాలి దారి దగ్గర నీటి తడి ఉంటే అదీ ఓ-రింగ్ పనే. కొత్త ఓ-రింగ్ వేసేటప్పుడు పాతది గాడిలో ఉండిపోకుండా చూసుకోండి. ఒకదాని మీద ఒకటి పడితే కారడం ఇంకా పెరుగుతుంది.

7. నీళ్ళు కొలవండి

శబ్దానికీ దీనికీ నేరుగా సంబంధం లేకపోయినా ఇంత దూరం వచ్చాక వదిలేయకండి. గ్లాసులోకి ఒక నిమిషం పాటు స్ప్రే చేసి చూడండి. కనీసం 50 మిల్లీలీటర్లు రావాలి. రాకపోతే తల కింది రంధ్రాలను, హ్యాండ్‌పీస్‌తో ఇచ్చిన సన్నని తీగతో శుభ్రం చేయండి. సూదులూ, పాత బర్‌లూ దూర్చకండి, రంధ్రం ఆకారం చెడితే ధార పక్కకు పోతుంది. నీరు బర్ కొసకే తగలాలి. నీళ్ళు చాలకపోతే పంటి లోపలి గుజ్జు వేడెక్కి దెబ్బతింటుంది, శబ్దం ఎంత సాఫీగా ఉన్నా లాభం లేదు.

8. తూకం మీద కోసి చూడండి

ప్లాస్టిక్ పన్నును ఒక చిన్న గిన్నెలో బంకమట్టితో నిలబెట్టి, గిన్నెను తూకం మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. తూకాన్ని పలచని ప్లాస్టిక్ కవరులో పెడితే తడవదు. కొత్త బర్‌తో, ఎప్పుడూ కోసేటంతే ఒత్తుతూ కోయండి. తూకం ఎంత చూపుతోందో పక్కనున్నవాళ్ళను చదవమనండి. నీటి బరువు కలుస్తుంటుంది కాబట్టి కొద్దిసేపే కోసి, ఆపి, మళ్ళీ సున్నా చేసి కొనసాగించండి.

సుమారు 100 గ్రాముల ఒత్తిడికి మంచి హ్యాండ్‌పీస్, మంచి బర్ చక్కగా కోస్తాయి. అంకె 250, 300 చూపుతోందా? అయితే పరీక్షలో తప్పింది హ్యాండ్‌పీస్ కాదు, చెయ్యి. లేదా అరిగిన బర్‌లతో పనిచేసీ చేసీ చెయ్యి అలా అలవాటు పడి ఉంటుంది. కోస్తూ వినండి. స్వరం దిగినా తెగకుండా పలుకుతూ ఉంటే సరిగ్గా ఒత్తుతున్నారు. మూలిగి ఆగిపోయేదాకా వస్తే ఎక్కువ. ఆనించి, తీసి, మళ్ళీ ఆనించి, బ్రష్‌తో రాసినట్టు కోయాలి.

100 గ్రాములకే ఆగిపోతూ, ఒత్తిడీ బర్ రెండూ సరిగ్గా ఉంటే ఇప్పుడు కార్ట్రిడ్జ్‌ను అనుమానించే హక్కు మీకొచ్చింది.

9. కార్ట్రిడ్జ్ మార్చడం

కొన్ని మోడళ్ళలో క్లినిక్‌లోనే మార్చుకోవచ్చు, కొన్నిట్లో కంపెనీ సర్వీసే చేయాలి. వారంటీ ఉంటే విప్పకండి.

మీరే మారుస్తుంటే: మోడల్‌కు సరిపోయే కార్ట్రిడ్జ్ తెప్పించండి, "ఇదీ దూరుతుంది" అన్నది వద్దు. బర్ పెట్టి ఉంచి, హ్యాండ్‌పీస్‌తో ఇచ్చిన తాళంతో వెనక క్యాప్‌ను అపసవ్యంగా తిప్పి తీయండి. బర్‌ను వెనక్కి నెడితే కార్ట్రిడ్జ్ బయటికొస్తుంది. తల లోపలి గోడను నూలు పోగులు రాలని గుడ్డతో తుడవండి. పాత ఓ-రింగ్, స్ప్రింగ్ వాషర్ లోపలే అంటుకుని ఉండిపోవడం తరచూ జరుగుతుంది, లైటు వేసి చూడండి. కొత్త దాని మీది పిన్నును తలలోని గాడితో కలిపి దించండి. క్యాప్ మొదట చేత్తో తిప్పండి. మరలు సరిగ్గా కలవకపోతే బలవంతం చేయకుండా తీసి మళ్ళీ పెట్టండి. ఆఖర్న తాళంతో కొద్దిగా బిగిస్తే చాలు.

నూనె వేసి, బర్ పెట్టి, పంటికి ఆనించకుండా ఒకటి రెండు నిమిషాలు నడపండి. తర్వాత 5వ, 7వ, 8వ మెట్లు మళ్ళీ చేసి అంకెలు రాసుకోండి.

కొత్త కార్ట్రిడ్జ్ వేసినా గరగర పోలేదా? తలను లూప్‌తో (భూతద్దంతో) చూడండి. ఎప్పుడో కింద పడి సొట్ట పడి ఉంటే లోపలి గుండ్రం చెడి బేరింగ్‌ను ఒకవైపు నొక్కుతుంటుంది. అలాంటి తలలో ఎన్ని కార్ట్రిడ్జ్‌లు వేసినా దండగే, తలే మార్చాలి.

ఎక్కువగా చేసే తప్పులు

బర్ లేకుండా నడపడం. నూనె పోవడానికైనా, నీళ్ళు చూడటానికైనా బర్ ఉండాల్సిందే, లేకపోతే చక్ పాడవుతుంది.

తిరుగుతుండగా బటన్ నొక్కడం. ఎవరూ కావాలని నొక్కరు. వెనక పళ్ళ దగ్గర పేషెంట్ బుగ్గను తల వెనకభాగంతో పక్కకు నెట్టినప్పుడు బటన్ దానంతటదే నొక్కుకుపోతుంది. లోపల రాపిడి పుట్టి క్యాప్ వేడెక్కుతుంది, మత్తులో ఉన్న బుగ్గ కాలినా పేషెంట్‌కు తెలియదు. ఎలక్ట్రిక్ హ్యాండ్‌పీస్‌లతో ఇలాంటి కాలిన గాయాల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2007లోనే హెచ్చరించింది. బుగ్గను నెట్టడానికి అద్దం వాడండి.

ఆటోక్లేవ్‌లో బర్‌తో సహా పెట్టేయడం, నూనె వేయకుండా పెట్టడం, సైకిల్ అయ్యాక రాత్రంతా చెమ్మలో వదిలేయడం. సాధారణంగా 134 లేదా 121 డిగ్రీల సైకిల్ సరిపోతుంది, 135 దాటనివ్వకండి. ఆరబెట్టే దశ అవగానే బయటికి తీయండి. తొందరగా చల్లారాలని కుళాయి కింద పెట్టకండి. అల్ట్రాసోనిక్ తొట్టిలో, రసాయన ద్రావణంలో ముంచడం అయితే బేరింగులను చేతులారా పాడుచేసుకోవడమే.

ఎలక్ట్రిక్ వాడేవాళ్ళకు

మోటారు 40,000 చుట్లు, 1:5 తల (వేగాన్ని ఐదు రెట్లు చేసేది) అయితే బర్ 2 లక్షల చుట్లు తిరుగుతుంది. స్వరం సుమారు 3,300 హెర్ట్జ్ దగ్గర, ఎయిరోటర్ కన్నా దిగువన ఉంటుంది. బలం ఎక్కువ కాబట్టి నొక్కినా ఆగదు, సుగుణమూ అదే, ప్రమాదమూ అదే. ఎయిరోటర్ పాడైతే ఆగిపోయి చెబుతుంది. ఇది పాడైనా మోటారు తోస్తూనే ఉంటుంది, గేర్లు వేడెక్కుతాయి. కొన్ని నిమిషాలు ఉత్తినే నడిపి తలను వేలితో తాకండి. వెచ్చగా కాక వేడిగా అనిపిస్తే పేషెంట్‌కు వాడొద్దు.

మీ చెవుల సంగతి

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. మంచి స్థితిలో ఉన్న ఎయిరోటర్ సాధారణంగా దీనికి కిందే ఉంటుంది, అరిగినది పైకి పోతుంది. సక్షన్‌ను మర్చిపోకండి, చాలాసార్లు గదిలో అసలు రొద దానిదే. దాని గొట్టం కొస చిగురును పట్టి ఈల వేస్తుంటే కోణం మార్చండి. పని అయ్యాక చెవుల్లో గుయ్‌మంటూ ఉంటే సర్దుకుపోవద్దు, ఆడియోగ్రామ్ చేయించుకోండి. మాటలు వినిపించేలా ఉంటూ రొద తగ్గించే ఇయర్‌ప్లగ్‌లు దొరుకుతాయి, అసిస్టెంట్‌కూ ఒక జత ఇవ్వండి.

సర్వీసుకు పంపాల్సి వస్తే

"శబ్దం వస్తోంది" అని రాసి పంపితే అక్కడివాళ్ళకు ఏమీ అర్థం కాదు, కార్ట్రిడ్జ్ మార్చి తిప్పి పంపుతారు. చీటీ మీద ఇవి రాయండి: తిరుగుతుండగా చూసిన ఒత్తిడి, ఫోన్ చూపిన హెర్ట్జ్, నూనె రంగు, కొత్త బర్‌తో తేడా వచ్చిందా లేదా, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల నీళ్ళు, ఎప్పుడైనా కింద పడిందా. పంపేముందు స్టెరిలైజ్ చేసి, ఆ సంగతి కూడా రాయండి. తిరిగి వచ్చాక బిల్లు కట్టేముందే 4, 5, 8 మెట్లు చేసి అంకెలు పోల్చండి.